చివరి చెట్టు కింద మూడు వరసలు

మాఘమాసంలో గడ్డి పెరగదు.
అయినా మిషను బయటికి తియ్యమంటారు.
చక్రం దగ్గర పిన్ను లాగి
బ్లేడుని పై మెట్టుకి ఎత్తుతాను.
గడ్డికైతే రెండు, ఆకుకైతే నాలుగు.
ఎవరూ చెప్పలేదు, రెండు బెల్టులు తెగాక తెలిసింది.

తాడు లాగాలి. మొదటిసారి దగ్గుతుంది.
రెండోసారి తిడుతుంది.
మూడోసారికి సాలిగ్రామపురం క్వార్టర్స్ పార్కులో
కాకులన్నీ లేచిపోయి నీళ్ళ ట్యాంకు మీద వాలతాయి.

ఇక్కణ్ణించి సముద్రం కనపడదు.
పోర్టు బొగ్గు మాత్రం గాలికొచ్చి
ఆకాకు మీదా కాటుకలా కూచుంటుంది.
మంచు తడి ఆరకుండా మొదలెట్టానా,
అంతా ముద్దయి మిషను గొంతుకి అడ్డం పడుతుంది.
అప్పుడు ఆపి, ప్లగ్గు వైరు పీకి,
జామకర్రతో కెలకాలి. చెయ్యి పెట్టకూడదు.
నాకు ముందు చేసిన అసిర్నాయుడికి
ఇప్పుడు బీడీ పట్టుకోడానికి సరిపడా వేళ్ళే ఉన్నాయి.

ఈ బాదం చెట్లు
పెద్ద తుపాను వెళ్ళాక, పార్కులో ఆకాశం తప్ప
ఏమీ మిగలని ఏడాది నాటినవి.
పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఎవరూ తలెత్తి చూడరు.
రాలే ముందు పండుమిరప రంగెక్కుతాయి.
విస్తరిలో సగమంత ఆకు,
బ్లేడు కిందకెళ్ళి టీపొడయి సంచిలో పడుతుంది.
రెండు వరసలకి సంచి నిండుతుంది.
విప్పితే గోరువెచ్చన.

నూకరత్నం పద్నాలుగేళ్ళు
ఈ పార్కుని ఈనుల చీపురుతో ఊడ్చింది.
మిషనొచ్చాక మస్తరులో ఆవిడకి
వారానికి మూడు రోజులు మిగిలాయి.
అందుకే ఆ రోజు గోనెసంచితో ఎదురొచ్చి నిలబడితే
దెబ్బలాటకే అనుకున్నాను.

"బావూ, ఆ సివర సెట్టు కింద ఒగ్గీ."
"ఏటొగ్గాల?"
"ఆకు. సితగ్గొట్టీకు. సిల్లులేని ఆకు కావాల నాకు."

మనవడు యుగంధరుగాడు దొండపర్తిలో
చేపల తొట్లమ్మే కొట్లో చేరాడట.
పోట్లాట చేపలుంటాయట, సీసాకి ఒకటి.
రెండేస్తే చంపుకుంటాయట.
వాటి నీళ్ళలో ఎండు బాదమాకు వేస్తే
రెక్క తెగులు నయమవుతుందట.
బొగ్గు కడిగి, నీడన ఆరబెట్టి ఇస్తే
ఆకు రెండు రూపాయలు. చిరిగిందైతే వద్దంటారు.
"సేపలికి కూడా మందులొచ్చీనాయి సూడు," అని నవ్వింది.
నేనూ నవ్వాను.
నవ్వడం అయిపోయాక
ఇద్దరం మిషను వైపు చూశాం.

మర్నాటి నించీ ఆ చెట్టు కింద
మూడు వరసలు వదిలేస్తున్నాను.
దగ్గరికెళ్ళగానే పిడి నొక్కి, ముందు చక్రాలు లేపి
తిప్పుకొచ్చేస్తాను.
పార్కంతా పాపిడి తీసి దువ్వినట్టుంటే
ఆ ముక్క ఒక్కటీ నిద్రలేచిన తలలా ఉంటుంది.

గణపతిరాజు గారు స్కూటరాపారు.
"అక్కడేంటయ్యా అది?"
"వేళ్ళున్నాయి సార్. బ్లేడు పోద్ది."
బ్లేడు పన్నెండొందలు.
స్కూటరు వెళ్ళిపోయింది.

ఓ సాయంత్రం దొండపర్తిలో బస్సు దిగి
ఆ కొట్టు ముందు నిలబడ్డాను.
సీసాలో నీళ్ళు పల్చటి టీ రంగు.
అడుగున ఆకు.
దాని మీద ఓ నీలం చేప
ఆరేసిన చీరలా తోకంతా పరుచుకుని
పోట్లాడ్డానికి ఎవరూ లేక కునుకు తీస్తోంది.
"కొంటావా మావా?" అన్నాడు కుర్రాడు.
"ఊరికే చూస్తున్నా," అన్నాను.
ఆకు ఎక్కడిదో నాకు తెలుసని అనలేదు.

మొన్న శుక్రవారం నేనొచ్చేసరికి
చివరి చెట్టు కింద ఒక్కాకు లేదు.
పాత చీపురు కూడా తెచ్చుకుందేమో,
మట్టి మీద ఈనుల గీతలు,
నా మిషను ఎన్నేళ్ళు తిరిగినా గియ్యలేనంత దగ్గర దగ్గరగా.
నేల అరుగులా చదునుగా ఉంది.
సరిగ్గా అప్పుడే స్కూటరు.

"వేళ్ళేవయ్యా?"

"కిందున్నాయి సార్," అని
తాడు లాగాను.
ఎన్నడూ లేంది, మొదటిసారికే అందుకుంది.